మక్కకు కొట్టగా మిగిలిన మందు

“ఆ డబ్బా ముట్టకు అత్తమ్మా. అది మక్కకు కొట్టే మందు.”

“మక్కను చంపనిది నీ కర్రపెండలాన్ని చంపుతదా? గడ్డిమందు గడ్డికే.”

“అన్నీ ఒక్కటి గావు. ఇది వెడల్పాకును చంపుతది, గరికను ఇడిసిపెడ్తది. మన కర్రపెండలం ఆకు జూడు, అరచెయ్యంత ఉన్నది.”

“ఎవరు చెప్పిన్రు? మందుల దుకాణపాయనా? కొత్త డబ్బా అమ్ముకునేటందుకు గట్లనే చెప్తడు.”

“నువ్వు పాత డబ్బా పారెయ్యలేక చెప్తున్నవ్.”

కోడలు అన్న ఆ మాట నిజం. అందుకే నాకు కోపం వచ్చింది. నిరుడు మొక్కజొన్న చేనుకు కొట్టగా మిగిలిన సగం డబ్బాను కొట్టం చూరులో దాచింది నేనే. రెండో తరగతిలో బడి మానేసినదాన్ని. డబ్బా మీద పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటే ‘కలుపు’ అని వచ్చింది. కింద చీమల బారులా ఉన్నవాటిని వదిలేశాను.

ఆ అరెకరం కర్రపెండలం కోడలిది. అడవి లోపలి పుట్టింటి నుంచి కర్ర ముక్కలు మోసుకొచ్చి నాటింది. వాళ్ల ఊళ్లో ఆ కర్రను అమ్మరు. అడిగినవాళ్లకు ఇస్తారు, పుచ్చుకున్నవాళ్లు పంట తీసినప్పుడు ఇంకొకరికి ఇవ్వాలి. ఈ ఏడు అక్కడ పందులు చేనంతా తవ్వేశాయి. వచ్చే వానలకు నాటడానికి వాళ్లకే కర్ర లేదు. కోడలి అన్న మా చేను మీదే ఆశ పెట్టుకున్నాడు.

గరికను మాత్రమే చంపే మందు తెస్తానని ఆమె ములకలపల్లి బస్సెక్కింది. తిరిగి వచ్చేలోపు నేను పంపు వీపుకు తగిలించుకుని డబ్బా ఖాళీ చేశాను.

సాయంత్రం వాకిట్లోకి వస్తూనే ఆమెకు వాసన తగిలింది.

“ఎన్ని సాళ్లు కొట్టినవ్?”

“అన్నీ. పొద్దుగాల చూడు, గరిక ఎట్ల వాడుతదో.”

ఆమె తెచ్చిన డబ్బాను గోడవారన పెట్టి లోపలికి పోయింది.

పొద్దున్నే చేనుకు పోయాం. కర్రపెండలం ఆకులు కాడల దగ్గర మెలితిరిగి వేలాడుతున్నాయి. లేత చిగుళ్లు తాళ్లలా చుట్టుకున్నాయి. గరిక మంచు పట్టి పచ్చగా నిలబడింది. కోడలు ప్రతి సాలూ తిరిగి చూసి, గట్టు మీద కూర్చుని అన్నకు ఫోన్ చేసింది.

“అన్నా, కర్ర రాదు. ఏరేకాడ అడుక్కో. మందు తప్పు పడ్డది.”

ఫోన్ ఇటు ఇమ్మన్నాను.

“తప్పు పడలే బిడ్డా. వద్దన్నా వినక నేనే కొట్టిన.”

“సరే అత్తా, ఏరేకాడ అడుగుత” అని అతను ఫోన్ పెట్టేశాడు.