తుక్కన్నది నేనే

గాజువాకలో మాది కిరాణా కొట్టు. సరుకు నచ్చితే ముఖం చిట్లించాలన్నది నాన్న దగ్గర నేర్చుకున్న విద్య. పాత కార్లు బాగుచేసే సరదా పట్టాక కూడా ఆ బుద్ధి పోలేదు.

పోయినేడాది మా వీధిలోని పైడమ్మ పిన్ని ఇంట్లో, చనిపోయిన వాళ్లాయన నడిపిన అంబాసిడర్ చూసి ముచ్చటపడ్డాను. పైకి మాత్రం, "వట్టి తుక్కు పిన్నీ" అని పెదవి విరిచి, ధర తానే తగ్గిస్తుందిలే అని వచ్చేశాను.

మర్నాడు వెళ్లేసరికి తుక్కు వ్యాపారి గ్యాస్ కట్టర్ వెలిగిస్తున్నాడు!

"ఆగన్నా!" అంటూ బానెట్‌కు అడ్డం పడ్డాను.

"ఏటి బాబూ, నువ్వే కదా తుక్కన్నావు? అందుకే ఇచ్చేత్తన్నాను" అంది పిన్ని.

"బేరం కోసం అబద్ధమాడేను పిన్నీ. ఇది బంగారం!"

వ్యాపారి పగలబడి నవ్వాడు. "కొనేవోడే సరుకుని పొగడ్డం నానెక్కడా సూళ్లేదు!"

పిన్ని మాత్రం నవ్వలేదు. "ఆయనా బంగారమనే అనేవోరు" అంటూ కళ్లు తుడుచుకుంది. అడిగిన ధరకే కొన్నాను.

ఎనిమిది నెలలు తుప్పు గీకాను. మొన్న ఇంజిన్ పలికింది. పిన్నిని ముందు సీట్లో కూర్చోబెట్టి బీచ్ రోడ్డంతా తిప్పాను.

ఇప్పుడు పాత కారు కనిపిస్తే బాగుందని ముందే చెప్పేస్తున్నాను. బేరం చెడినా, బండి బతుకుతుంది.