ఆరు నాలుగులు, నాలుగార్లు

నేను ఇంటర్ దాకా చదివాను. ఆరో తరగతి రెండుసార్లు చదివాను గనక, ఆరు రెళ్లు పన్నెండు. మూడోసారి కూడా కూర్చుని ఉంటే డిగ్రీ కూడా దాటిపోయేవాణ్ణి గానీ, మా లెక్కల మాస్టారు కూర్చోనివ్వలేదు. "నువ్వు ఇంకో ఏడాది ఉంటే నేను బడి మానేస్తాను" అన్నారు. ఇద్దరిలో ఎవరో ఒకరు మానక తప్పదు. ఆయనకు పెళ్లాం పిల్లలున్నారు, పోనీలే పాపం అని నేనే మానేశాను.

ఈ జోకు మా గోదాంలో ఏళ్ల తరబడి చెలామణీలో ఉంది. కొత్తగా ఎవరు పనిలో చేరినా నా చేత చెప్పించి నవ్వుకుంటారు. ఒక్క మనిషికి మాత్రం దాన్ని జోకుగా చెప్పలేదు. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు "నాన్నా, నువ్వెంతవరకు సదువుకున్నావు?" అని అడిగింది. "ఇంటర్" అన్నాను. ఆరు రెళ్ల సంగతి చెప్పలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. మంచి మాటకే టైము దొరకని ఇంట్లో ఇలాంటి మాటకి ఎక్కడ దొరుకుతుంది?

మా ఇల్లు మల్కాపురంలో. పోర్టు నుంచి వచ్చే ఎరువుల బస్తాలు నిలవచేసే గోదాంలో నేను కళాసీని, అంటే లారీ నుంచి దించి దొంతరలు పేర్చేవాణ్ణి. ఆ పనికి చదువు అక్కర్లేదంటారు. అనేవాళ్లు ఎప్పుడూ పేర్చి ఉండరు. మా మేస్త్రీ గుమ్మంలో నిలబడి "ఆరు నాలుగు" అని కేక వేస్తాడు. కింద నేల మీద ఆరు బస్తాలు, పైకి నాలుగు ఎత్తు అని దానర్థం. మొదటి అంకె నేలది, రెండోది ఎత్తుది. దాన్ని తిరగేసి కింద నాలుగు, పైకి ఆరు పెట్టారనుకోండి, ఎరువుల బస్తా గోనె కాదు, ప్లాస్టిక్, చేప లాగా జారుతుంది. పనిలో చేరిన కొత్తలో నేను అదే చేశాను. భోజనాలకి కూర్చున్నాక ఆ దొంతర పెళ్లిలో అలిగిన మావగారిలాగా మెల్లగా మొహం పక్కకి తిప్పి, వచ్చి నా క్యారేజీ మీద కూర్చుంది. మేస్త్రీ నా వంక చూసి ఒక్క మాటే అన్నాడు.

"బస్తాలు ఇరవై నాలుగూ ఉన్నాయిరా. బుర్రే తక్కువైంది."

ఆ రోజు పప్పన్నంతో పాటు ఆ పాఠం కూడా ఎరువులో కలిసి నాలో బాగా పండింది. ఆరు నాలుగులు వేరు, నాలుగార్లు వేరు.

మా అమ్మాయి ఐదో తరగతికి వచ్చింది. లెక్కల పుస్తకంలో ఎడమ పక్క పేజీ ఇంగ్లీషు, కుడి పక్క పేజీ తెలుగు. ఎడమది తనది, కుడిది నాది. నేను పనినుంచి వచ్చి స్నానం చేసి, ఏడింటికల్లా చాప మీద కూర్చునేవాణ్ణి. పుస్తకం మా ఇద్దరి మోకాళ్ల మీద చెరి సగం ఉండేది. తను "ఫ్యాక్టర్స్" అంటే నేను "కారణాంకాలు" అనేవాణ్ణి. తను "మల్టిపుల్స్" అంటే నేను "గుణిజాలు" అనేవాణ్ణి. గుణిజాలంటే మంచి గుణం ఉన్నవాళ్లేమో, మా అత్తవారి తరఫున ఎవరూ ఉండరేమో అంటే, మా ఆవిడ కుట్టుమిషను మీద నుంచే కత్తెర చూపించేది. ఆవిడ వీధిలోవాళ్లకి జాకెట్లు కుడుతుంది.

ఆవిడ గుండీల డబ్బానే మా గోదాం. ఇరవై నాలుగు గుండీలు చాప మీద పోసి, "మిగలకుండా ఎన్ని రకాలుగా పేర్చగలవో సూడు" అనేవాణ్ణి. రెండు వరసల్లో పన్నెండేసి, మూడు వరసల్లో ఎనిమిదేసి, నాలుగు వరసల్లో ఆరేసి. "పేర్చాక ఒక్క బస్తా కూడా కింద మిగలకపోతే, ఆ వరసల లెక్క ఆ అంకెకి కారణాంకం." తర్వాత ఒక గుండీ తీసేసి ఇరవై మూడుతో పేర్చమనేవాణ్ణి. తను ఎన్ని తంటాలు పడినా ఎన్నో కొన్ని మిగిలేవి. "మా గోదాంలో దీన్ని మొండి లోడంటారు" అని చెప్పాను. తను నవ్వి, పుస్తకంలో ప్రధాన సంఖ్య అని ఉన్నచోట పక్కన పెన్సిల్‌తో "మొండి" అని రాసుకుంది.

ఆ పెన్సిల్ సంగతి మళ్లీ చెప్తాను.

నన్ను అంతకుముందు జీవితంలో ఎవరూ సారూ అనలేదు. ఆ రోజుల్లో గోదాంలో అనేవారు. "ఏటి సారూ, రాత్రి పాఠం ఎంతవరకు వొచ్చింది?" అని మావాళ్లు ఎక్కిరించేవాళ్లు. "గుణకార ధర్మాల్లో ఉన్నాం బావా" అనేవాణ్ణి. "దర్మాలా, సత్రాలా?" అనేవాడొకడు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ సాయంత్రం ఐదు దాటితే నా కాళ్లు వాటంతటవే ఇంటి దారి పట్టేవి. అంతకుముందు అవి ఎప్పుడూ అంత తిన్నగా ఇంటికి వెళ్లిన కాళ్లు కావు.

తను తప్పులు చెప్పేది. అదే నాకు పండగ. "ఏడెనిమిదులు?" అంటే కళ్లు మూసుకుని "యాభై నాలుగు" అనేది. "యాభై ఆరే పిచ్చి మొహమా" అనేవాణ్ణి. "అవును కదా నాన్నా" అని నాలిక కరుచుకునేది. నేను దిద్దిన అంకెని తను మళ్లీ రాస్తుంటే చూడటం, ప్రపంచంలో ఒక పని నా వల్ల సరి అయిందని నమ్మటం, ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. నాకు అన్నీ జోకుల్లోనే చెప్పటం వచ్చు.

ఒక రోజు పుస్తకంలో ఒక ప్రశ్న వచ్చింది. 6 × 4 = 4 × 6, అవునా కాదా, కారణం రాయండి. నేను గట్టిగా నవ్వాను.

"కాదు. రాసీ. తిరగేస్తే పడిపోద్ది."

తను నా మొహంలోకి ఒకసారి చూసింది. "కాదా నాన్నా?"

"నా క్యారేజీని అడుగు."

తను తల వంచుకుని పెన్సిల్‌తో "కాదు" అని రాసింది. కారణం కూడా రాసింది, కింద వెడల్పు తక్కువైతే పై వరసలు జారతాయని.

పదిరోజుల తర్వాత గోదాంలో ఆ మాట గొప్పగా చెబుతున్నాను. మా దగ్గర లోడు లెక్క రాసుకునే టాలీ గుమస్తా ఒక కుర్రాడు, డిగ్రీ చదివాడు. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"బావా, పాపకి అలాగే సెప్పీసినావేటి?"

"సెప్పీసినాను. ఏం?"

"పేర్చడం వేరు బావా, లెక్క వేరు. ఎటు తిప్పినా ఇరవై నాలుగే. స్థిత్యంతర ధర్మం అంటారు. అది కాదని రాస్తే మార్కు పోద్ది."

మావాళ్లు నవ్వారు. "సారు ఫెయిలు" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే పాప పరీక్ష ఆ ముందు రోజే అయిపోయింది.

ఆ వారమంతా నేను పడిన బాధ ఆరో తరగతి రెండుసార్లు తప్పినప్పుడు కూడా పడలేదు. నా వల్ల నా కూతురికి మార్కు పోతుంది. పేపరు రాగానే తప్పు నాదని ఒప్పేసుకోవాలని, దారిలో ఆ మాటలు కూడా పేర్చుకుంటూ వచ్చేవాణ్ణి. కింద ఆరు మాటలు, పైన నాలుగు.

పేపరు వచ్చింది. ఇరవై ఐదుకి ఇరవై ఐదు.

నేను ఆ ప్రశ్న వెతికాను. "అవును. గుణకారంలో సంఖ్యల స్థానాలు మార్చినా లబ్ధం మారదు." చక్కటి గుండ్రటి అక్షరాలు. ఇరవై ఐదుకి ఇరవై ఐదు చూసి దిగాలుపడిన తండ్రి మల్కాపురం మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను. నేను చెప్పినట్టు రాసి ఉంటే ఒక మార్కు పోవాలి. ఆ మార్కు ఎలా పోలేదు?

"ఇది ఎవులు సెప్పినారే నీకు?"

తను వాళ్లమ్మ వంక చూసింది. కుట్టుమిషను ఆగింది.

"నువ్వు కేకలెయ్యకు మావా" అంది మా ఆవిడ. "ఎనకవీధి టీచరమ్మ కాడికి టూషనుకి ఎల్తంది. దసరా సెలవులైన కాణ్ణుంచి. నువ్వొచ్చీలోగా వొచ్చెత్తంది. నాను ఆవిడకి జాకెట్లు కుడతన్నాను, ఆవిడ దీనికి సదువు సెప్తంది."

"మరి నాను సెప్తన్నది?"

ఆవిడ గుడ్డ సర్దుకుంటూ మాట్లాడింది. "మొదటి పరీక్షలో దీనికి తొమ్మిదొచ్చింది. ఆ పేపరు నీకు సూపించనేదు. ఇరవై నాలుగుకి కారణాంకాలు రాయమంటే ఒకటినీ ఇరవై నాలుగునీ వొదిలీసింది."

వదలమన్నది నేనే. ఇరవై నాలుగు బస్తాలు ఒకదాని మీద ఒకటి పెట్టేవాడు మా గోదాంలో ఒక్కపూట కూడా ఉండడని చెప్పాను.

"మరి తప్పులో?" అన్నాను. "దీనికన్నీ ఒచ్చినప్పుడు, నా కాడ ఆ తప్పులేటి?"

ఈసారి మా అమ్మాయి చెప్పింది, గోడ వంక చూస్తూ. "అమ్మే సెప్పమంది. నువ్వు దిద్దుకోడానికి రోజుకి రెండు."

రోజుకి రెండు. మా మేస్త్రీ లోడు పంచినట్టు పంచారు. దసరా నుంచి అరవై రోజులనుకున్నా, అరవై రెళ్లు నూట ఇరవై. నూట ఇరవై తప్పులు నేను దిద్దాను. ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. యాభై నాలుగు. కళ్లు మూసుకోవటం. నాలిక కరుచుకోవటం. నేను జోకర్ననుకున్నాను గానీ నా ముందు కూర్చున్నది నటి అని తెలియలేదు. తప్పు చెప్పి మోసం చేసేవాళ్లని చూశాను, ఒప్పు దాచి మోసం చేసేవాళ్లని నా ఇంట్లోనే చూశాను.

మర్నాడు తలనొప్పని చెప్పి గోదాం నుంచి ముందే వచ్చేసి వెనకవీధికి వెళ్లాను. టీచరమ్మ ఇంటి వరండాలో పిల్లలు. మొదటి వరసలో మా అమ్మాయి. చేతిలో నీలం సిరా పెన్ను. చకచకా రాసేస్తోంది, కొట్టివేతల్లేవు. నా దగ్గరెప్పుడూ పెన్సిలే. నేను చెప్పింది రాసుకుని, నేను పడుకున్నాక చెరిపేసుకోవటానికి అని అప్పుడర్థమైంది. పొద్దున్నే చాప మీద రబ్బరు పొట్టు ఊడ్చింది నేనే. పిల్ల ఎంత కష్టపడుతోందో అని మురిసిపోతూ ఊడ్చాను.

టీచరమ్మ ముందు చాప మీద చిన్నపిల్లలు ఇద్దరు గుండీలు పేరుస్తున్నారు. ఆ డబ్బా మా ఇంటిది. గుండీలు కూడా పార్టీ మార్చేశాయి.

ఆవిడ నన్ను చూసి లేచింది. "పాప నాన్నగారా? రండి. ఈ గుండీల పద్ధతి మీదేనటగా, పాప చెప్పింది. పిల్లలకి బాగా ఎక్కుతోందండి. మీరు ఇంటర్‌లో లెక్కలా, సైన్సా?"

నాకు జోకు తోచలేదు. బియ్యం తేవాలండీ అని వచ్చేశాను. వెనక నా కూతురు పెన్ను ఆగిన చప్పుడు విన్నాను. పెన్ను ఆగితే చప్పుడవుతుందా అంటే, అవుతుంది.

తర్వాత వారం రోజులు నేను ఏడింటికి చాప మీద కూర్చోలేదు. వీధి అరుగు మీద కూర్చున్నాను. గోదాంలో "సారూ" అంటే పలకలేదు. మా ఆవిడ అన్నం పెడుతూ, "అది నీకు సెప్పినా, నువ్వు దానికి సెప్పినా సదువు ఒకటే కాదా ఏటి?" అంది. కాదు. కింద ఎవరు, పైన ఎవరు అన్నది మా దగ్గర చాలా పెద్ద సంగతి. నేను నా వీపు మీద దాన్ని నిలబెట్టి పైకి ఎత్తుతున్నాననుకున్నాను. అది ఎప్పుడో గోడ ఎక్కేసి, నా వీపు నొచ్చుకోకుండా ఒక కాలు ఊరికే ఆనించి ఉంచింది.

ఎనిమిదో రోజు లోపలికి వెళ్లాను. వర్షం వచ్చింది, అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. మా అమ్మాయి చాప మీద సగం చోటు వదిలేసి కూర్చుని ఉంది. పుస్తకం ఎడమ పేజీ తన మోకాలి మీద, కుడి పేజీ గాల్లో. చేతిలో పెన్ను. దాచలేదు.

నేను కూర్చున్నాను. కుడి పేజీ నా మోకాలి మీద పడింది. ఎప్పటిలా ఎగతాళిగా అందామనుకున్నాను గానీ మాట నిజంగానే బయటికొచ్చింది.

"కన్నతండ్రిని ఇన్నాళ్లు మోసం సేసినావు కదే."

తను తల ఎత్తలేదు. రాస్తున్న లెక్క పూర్తిచేసి, కింద గీత గీసి, అప్పుడంది.

"గోదాంలో నువ్వు సెప్పే ఆరు రెళ్లు పన్నెండు సంగతి నాకు రెండో క్లాసులోనే తెలుసు నాన్నా. నువ్వు ఇంటరన్నావు, నాను నమ్మినట్టు ఉండిపోయినాను. నాను యాభై నాలుగన్నాను, నువ్వు నమ్మినావు. తిరగేసినా జవాబు ఒకటే కదా."