సాంచలు ఆపి చెప్పిన మాట

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది. సాంచలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచలంటారు. అవి నడుస్తున్నంతసేపు పక్కవాడు అరిచినా వినబడదు. సైగలతో, పెదాల కదలికతోనే పనులు సాగుతాయి. అందుకే ఎవరైనా కావాలని సాంచలు ఆపారంటే, అందరూ వినాల్సిన మాటేదో చెప్పబోతున్నారని అర్థం. నా గురించి అలా రెండుసార్లు ఆపారు. రెండుసార్లూ ఆపింది మా బావే.

బావంటే మా అక్క భర్త. పదహారు సాంచల షెడ్డు ఆయనది, నేను అందులో పనిచేసేవాణ్ణి. పదిహేనేళ్ల కింద ఒకరోజు నా సాంచ మీద బట్ట తాను పొడవునా గీత పడింది. పొద్దున పడుగు దారాలు చుట్టిన బీము మీద పోగులు తప్పుగా అతికింది బావ. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా మెయిన్ స్విచ్ కట్టేసి, పదకొండుమంది పనివాళ్ల ముందు, "ప్రార్థనల కండ్లు మూసుడు అలవాటై సాంచ కాడ గూడ మూస్తున్నవారా, గుడ్డోడా?" అన్నాడు. అందరూ నవ్వాక స్విచ్ వేశాడు. నేనిచ్చిన జవాబు ఆ చప్పుడులో కలిసిపోయింది. తిట్టినందుకు నాకంత బాధ లేదు. షెడ్లలో తిట్లు మామూలే, సగం వినబడవు కూడా. తిట్టడానికి సాంచలు ఆపినందుకు బాధ. ఆ రోజు నుంచి వీధికంతా నేను గుడ్డి బామ్మర్దినయ్యాను. వేరే షెడ్డుకు మారిపోయాను. అక్క ఇంటి గడప ఇక తొక్కనన్నాను, తొక్కలేదు. అక్క సర్వపిండి పంపితే మాత్రం తినేవాణ్ణి, ఎందుకంటే పిండి తప్పేమీ లేదు. ఖాళీ డబ్బా వేరేవాళ్ల చేత తిప్పి పంపేవాణ్ణి.

ఈ కాలమంతా నేను ఆదివారం ఆరాధన మానలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ముందు వరుసలో చాప మీద చోటు. ప్రార్థనలో ఇతరుల తప్పులు క్షమించే మాట వచ్చినప్పుడు నా గొంతు కొంచెం తగ్గేది. నా విషయం మామూలుది కాదని దేవుడికి తెలుసులే అనుకునేవాణ్ణి.

తొమ్మిదేళ్లకు బావ కూడా మందిరానికి రావడం మొదలుపెట్టాడు. అక్క వెంట వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చొక్కా మీద సాంచల నూనె మరకలు అలాగే ఉండేవి. బైబిలు తెచ్చేవాడు కాదు, పాట రాదు, దేవుడు తననెలా మార్చాడో అందరిలా లేచి సాక్ష్యం చెప్పడు. నాకిది మింగుడు పడలేదు. పాస్టరయ్యను పట్టుకుని, "మా బావ మారిండంటున్రు. ఏడ మారిండయ్యా? జర మాకు గూడ సూపెట్టుండ్రి," అన్నాను. ఆయన నవ్వి, "బీముకు పోగులు ఎక్కంగనే బట్ట దిగుతదా? జర ఆగు," అన్నాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది.

కొన్నాళ్లకు బావ షెడ్డుకు రమ్మని కబురు పెట్టాడు. వెళ్లి గుమ్మం బయటే నిలబడ్డాను. నన్ను చూడగానే స్విచ్ కట్టేశాడు. పదహారు సాంచలూ ఆగాయి.

"ఆ దినం బట్ట ఖరాబు జేసింది నేను. పోగులు అతికింది నేనే. గప్పుడే తెల్సు నాకు. గుడ్డోడు వీడు గాదు," అన్నాడు అందరి వైపు చూసి.

అప్పుడు నేను కరిగిపోయి ఉండాల్సింది. కానీ తలలు లెక్కపెట్టాను. "గప్పుడు పదకొండుమంది ఉండిరి బావా. ఇయ్యాల ఏడుగురే ఉన్నరు," అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. బావ నవ్వలేదు. "ఔ, నలుగురు లేరు," అని స్విచ్ వేశాడు.

ఒక నెలకు జైనూర్ నుంచి ఫోనొచ్చింది. మునుపు మాతో పనిచేసి, అక్కడ దుప్పట్ల దుకాణం పెట్టుకున్నతను. "అన్నా, మీ బావ బస్సెక్కి గింత దూరమొచ్చిండు. నీది తప్పు లేదని చెప్పి, చాయ్ గూడ తాగకుంట పోయిండు. పానం మంచిగనే ఉన్నదా గాయనకు?" అన్నాడు. తర్వాత తెలిసింది, భివండికి పోయినతనికీ దుబాయిలో ఉన్నతనికీ బావ ఫోన్లు చేశాడట. నాలుగోవాడు చనిపోయాడు. అతని భార్య దగ్గరికి వెళ్లాడు. "నాకెందుకు చెప్తున్నవ్ అన్నా?" అందట ఆమె. "నీ పెనిమిటి నా మాటిని నవ్విండమ్మా. ఆ మాట అబద్ధం," అన్నాడట.

ఆ ఆదివారం ముందు వరుసలో కూర్చోలేకపోయాను. నా మార్పంతా చొక్కా దగ్గరే ఆగిపోయిందని, ఆయనది లోపల మొదలై జైనూర్ దాకా నడిచి వెళ్లిందని అర్థమైంది. అయినా క్షమించానన్న మాట బావకు వచ్చే ఆదివారం చెబుతాననుకుంటూ ఆరేళ్లు గడిపాను. ఈలోగా సాంచల చప్పుడు బావ చెవులను దాదాపు పూర్తిగా తినేసింది.

మంగళవారం కరెంటు పోగానే ఎందుకో లేచి అక్క ఇంటికి నడిచాను. గడప దాటాను. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"బావా, నీ మీద నాకేం లేదు," అన్నాను.

"ఆఁ?"

మళ్లీ అన్నాను. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మూడోసారి ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. సాంచలు లేని వీధి మొత్తం విన్నది. ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. అక్క పిండి చేతులతోనే వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది.

బావ వాకిలి వైపు చూశాడు. "ఎంతమంది విన్నరు బామ్మర్దీ? జర లెక్కవెట్టు," అన్నాడు.

నేను లెక్కపెట్టలేదు. కళ్లు సరిగా కనబడలేదు. కాసేపటికి కరెంటు వచ్చింది, వీధి మళ్లీ మోత అందుకుంది. నాకోసం కాలం తన సాంచలను ఆరేళ్లలో ఒక్క గడియ కూడా ఆపలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం, ఎందుకో దయతలచి, ఓ అరగంట ఆపింది.