తోడేలును తోలుకుపోయిన మనిషి

నవ్వేవాళ్లు నవ్వండి. దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. గాలి సోకిందని మా అత్త తాయెత్తు తెస్తే తీసి పొయ్యిలో వేసిన మనిషిని నేను.

మాది తెక్కలకోట పక్క పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. మా గుట్టల్లో తోడేళ్లు ఎప్పుడో కనుమరుగయ్యాయి. వాటిని మళ్లీ నిలబెట్టాలని ఒక సంస్థవాళ్లు గుట్ట మీద కంచె కట్టి, బోనులో పెరిగిన ఒక జతను తెచ్చి ఉంచారు. వాటికి మాంసం వేసే పని నాకూ, ప్రభుదాసు అన్నకూ దొరికింది. గొర్రెలవాళ్లయి ఉండి తోడేళ్లను సాకుతారా అని ఊరు దుమ్మెత్తిపోసింది. మా ఆయన మాట్లాడటం మానేశాడు. నేను లెక్కచేయలేదు. గుట్ట వాటిది, మేమే తర్వాత వచ్చాం.

కంచె తలుపు తీసిన రోజే మగది వెళ్లిపోయింది. ఆడది మాత్రం కదల్లేదు. ఎన్నాళ్లు చూసినా అంతే. చివరికి, ఈ సాయంత్రానికి బయటికి రాకపోతే మళ్లీ బోనుకే, ఇక బతుకంతా అక్కడే అని సంస్థ సారు తేల్చేశాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు పట్టపగలు, నేనూ ప్రభుదాసు అన్నా కంచె దగ్గరుండగా, ఒక ముసలాయన గుట్టెక్కి వచ్చాడు. తలమీద కంబళి, చేతిలో కర్ర. తలుపు ముందు నిలబడి, గొర్రెల్ని తోలేటప్పుడు మేం వేసే కూతే వేశాడు. తోడేలు లేచి ఆయన వెనకే నడిచింది.

మాలో ఒక అలవాటుంది. గుట్టల్లో కాపరి ఎదురైతే పేరు అడగం, మంద ఎవరిదని అడుగుతాం. నా నోటికీ అదే వచ్చింది.

"ఎవురి మందప్పా?"

ఆయన కర్రెత్తి వెనక వస్తున్న తోడేలును చూపించాడు.

ఇద్దరూ బండ చాటుకు వెళ్లారు. మేం పరుగెత్తి చూస్తే తోడేలు ఒక్కటే అవతలి గుట్ట ఎక్కుతోంది. దుమ్ములో దాని అడుగులే ఉన్నాయి. తడిసిన కంబళి వాసన మాత్రం గుప్పున కొట్టింది. వాన పడి నెలలైంది.

ప్రభుదాసు అన్న చర్చి పెద్ద. ప్రార్థన తప్ప ఇంకోటి నమ్మడు.

"నేనూ చూసినా చెల్లీ. ఎవురడిగినా చెప్తా" అన్నాడు. చెప్పాడు కూడా.

అది తనంతట తానే పోయిందని చెప్పండి, లేకపోతే పనిలోకి రావద్దు అన్నాడు సారు. చెప్పనన్నాను. పని పోయింది.

మొన్న మా మందలోంచి ఒక గొర్రెపిల్లను తోడేలు ఎత్తుకుపోయింది. మా ఆయన విషం పెట్టబోతే గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"అది ఒకరి మందలోది. పరాయి మంద మీద చెయ్యేస్తే నేనూరుకోను" అన్నాను.

ఎవరి మంద అని ఆయన అడిగాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. అయినా గుమ్మం వదల్లేదు.