మిరాన్ అరవయ్యో పుట్టినరోజు

అప్‌గుజొంగ్ వీధిలోని ఆ చర్మ వైద్యశాలకు వచ్చే ఆడవాళ్లు కూర్చోగానే, చికిత్సల గురించి సలహా చెప్పే మిరాన్‌ను వయసు అడిగేవారు. అక్కడ అది తెలియకపోతే ఎలా పిలవాలో, ఎంత మర్యాదగా మాట్లాడాలో తేలదు. మిరాన్ తన అసలు వయసుకు పన్నెండేళ్లు కలిపి చెప్పేది.

పదేళ్లయితే దొరికిపోయేది. అక్కడ ఒక్కో ఏడాదికి ఒక్కో జంతువు గుర్తు, వయసు తర్వాత అడిగేది పుట్టిన ఏడాది జంతువునే. ఆ జంతువులు పన్నెండేళ్లకోసారి తిరిగి వస్తాయి. మిరాన్‌ది పాము. పన్నెండు కలిపినా పామే. అబద్ధం ఒకటే చాలింది.

"నిజంగానా!" అని వాళ్లు ఆమె దవడ వైపు చూసేవారు. అప్పుడు మిరాన్ యంత్రాల సంగతి ఎత్తేది. అల్ట్రాసౌండ్ వేడితో లోపలి చర్మాన్ని బిగించేది ఒకటి, కరిగిపోయే దారాలతో బుగ్గల్ని పైకి లాగే పద్ధతి ఇంకొకటి. కత్తి పని లేదు. కొత్త యంత్రం ఏది వచ్చినా డాక్టరు ముందు మిరాన్ ఎడమ చెంప మీదే వాడి చూసేవాడు. తర్వాత రెండు రోజులు ఆమె ఎడమవైపు నమలడం మానేసేది.

గుక్ జొంగ్‌జా తన కొడుకు పెళ్లికి ముందు వచ్చింది. ఎండుచేపల కొట్టు ఆమెది. చర్మం బిగుతు చేయించుకుని వెళ్లింది, నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది, చేతిలో పచ్చడి డబ్బాతో.

"మీకోసమే, అక్కా. ఒంటరిగా ఉంటారు, ఏం వండుకుంటారో ఏమో."

వైద్యశాల కాగితాల ప్రకారం జొంగ్‌జా మిరాన్ కంటే ఏడేళ్లు పెద్దది. మూడేళ్లుగా ప్రతి పుట్టినరోజుకూ, ఆ రోజు తప్పక తినే సముద్రపు నాచు పులుసు ఆమే కాచి తెచ్చింది. ఇంకెవరూ తెచ్చేవాళ్లు లేరు. నిజం చెబితే ఆ పిలుపు పోతుంది, పులుసూ పోతుంది. చెబుదామని మిరాన్ రెండుసార్లు అనుకుంది. రెండుసార్లూ పులుసు వేడిగా ఉంది.

ఈ ఏడు జొంగ్‌జా అడగలేదు, ప్రకటించింది. "అరవై నిండుతున్నాయి మీకు. వేడుక నేను చేస్తాను. మాట్లాడకండి."

హోటల్లో కింద కూర్చునే గది తీసుకుంది. పళ్లు గోపురాల్లా పేర్చారు. మిరాన్‌ను వాటి వెనక కూర్చోబెట్టారు. జొంగ్‌జా కొడుకూ కోడలూ నేలకు తల ఆనించి దండం పెట్టారు. మిరాన్ తలూపి తీసుకుంది. వాళ్లు చిన్నవాళ్లే, తప్పేం లేదు.

ఆ తర్వాత జొంగ్‌జా లేచింది.

"నువ్వెందుకు, కూర్చో," అంది మిరాన్.

"అక్కకు పెట్టకపోతే ఎవరికి పెడతానండీ!" ఆమె మోకాళ్లు రెండూ పాడైనవి. కొట్లో నిలబడీ నిలబడీ. ఒక చెయ్యి నేలకు ఆనించి, అబ్బా అంటూ ఒక మోకాలు వంచింది. రెండోది వంగుతోంది.

"నాకు నలభై ఎనిమిది," అంది మిరాన్.

రెండో మోకాలు మధ్యలో ఆగింది. కొడుకు పళ్ల గోపురం వైపు చూశాడు. కోడలు వేళ్ల మీద లెక్కేసింది.

"పాము అన్నావు," అంది జొంగ్‌జా.

"పామే. తర్వాతి పాము."

జొంగ్‌జా కొడుకు భుజం పట్టుకుని లేచింది. "అక్కణ్ణుంచి లే," అంది. మిరాన్ లేచింది. జొంగ్‌జా వెళ్లి పళ్ల వెనక కూర్చుంది. పండుగ పావడా మడతలు సర్దుకుంది. "ఊఁ, కానీ."

మిరాన్ నేలకు తల ఆనించి దండం పెట్టింది. జొంగ్‌జా పళ్ల గోపురం సరిచేసి, అప్పుడు లెమ్మంది.

"ఇటు రా."

దగ్గరికి వెళ్లాక జొంగ్‌జా ఆమె గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చేపను ఎంచినట్టు ఆ చెంపా ఈ చెంపా నొక్కి చూసింది.

"అరవైకి అద్భుతం అనుకున్నానే," అంది. "నలభై ఎనిమిదికి ఇంతేనా?"

"ఇంతే," అంది మిరాన్. "యంత్రాలతో దవడ దగ్గర కొంచెం తేడా ఉంటుంది."

జొంగ్‌జా గడ్డం వదిలేసి, తాను కాచి తెచ్చిన పులుసు గిన్నె మూత తీసి, ఆమె ముందుకు నెట్టింది.

"తిను. చల్లారిపోతోంది."