ఫార్మాట్ చెయ్యని తిరుపాలు

బెంగళూరులో కాడుగోడి రైల్వే స్టేషనుకు పోయే దారిలో, కోడికూర అంగడి పక్కన, తిరుపాలు కంప్యూటర్ రిపేరు కొట్టు ఉంది. కొట్టు అంటే ఒక షట్టరు, ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. చుట్టుపక్కల అద్దాల మేడల్లో ప్రపంచానికంతా సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే మహానుభావులు కూర్చుంటారు. వాళ్ళ సొంత ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే మాత్రం దాన్ని చంకన పెట్టుకుని ఈ షట్టరు దగ్గరికే వస్తారు. ఈ సంగతి ఎవరి రెజ్యూమెలోనూ కనపడదు.

తిరుపాలుది కదిరి వైపు. వాళ్ళ నాయన ఆ మేడల్లో రెండింటికి సిమెంటు మోశాడు. కొడుకు పదో తరగతి తప్పి, ఎస్.పి. రోడ్డు కంప్యూటర్ల బజారులో ఒక షాపులో స్క్రూలు విప్పడం నేర్చుకున్నాడు. అక్కడి ఓనరు నేర్పిన విద్య ఒక్కటే: రోగం ఏదైనా మందు ఫార్మాట్, అంటే లోపలున్నదంతా తుడిచెయ్యడం. మౌసు కదలకపోయినా ఫార్మాటే. అలా ఇరవై ఏళ్ళ వయసులో ఒక పంతులుగారి కంప్యూటర్‌ని శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. పోయిన భార్య ఫోటోలన్నీ ఆయన అందులోనే దాచుకున్నాడు. పంతులు తిట్టలేదు. "పర్లేదులేప్పా" అని వెళ్ళిపోయాడు. నాలుగు తన్ని ఉంటే బాగుండేదని తిరుపాలు ఇప్పటికీ బాధపడతాడు. అప్పటినుంచి ఫార్మాట్ అన్న మాట వింటే అతనికి ఒళ్ళు మండుతుంది.

మొన్న శనివారం పొద్దున సుగుణమ్మ కంప్యూటర్ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చింది. కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. పదకొండేళ్ళుగా తమ చర్చిలో పెళ్ళిసంబంధాలు కుదురుస్తోంది. నాలుగు వందల మంది పిల్లల వివరాలు ఆ డబ్బాలోనే ఉన్నాయి. వెనకే అల్లుడు డానియల్ దిగాడు. వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆర్కిటెక్టు. ఇళ్ళు కట్టే రకం కాదు. మరి ఏం కడతాడో ఆరేళ్ళయినా అత్తగారికి అంతుబట్టలేదు.

"ఆన్ చేసిన ఐదు నిమిషాలకే బిగుసుకుపోతోంది నాయనా. రేపు ఆరాధనయ్యాక నెల్లూరు నుంచి ఆడపిల్ల వాళ్ళు వస్తున్నారు. మూడు సంబంధాలు చూపిస్తానని మాటిచ్చాను," అంది సుగుణమ్మ.

"సింపుల్ బాస్, ఫార్మాట్ కొట్టెయ్. డేటా అంతా నేను పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ తీసేశా," అన్నాడు డానియల్, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

తిరుపాలు పళ్ళు కొరుక్కుని ఆ పెన్‌డ్రైవ్‌ని తన కంప్యూటర్‌కి పెట్టాడు. ఒక ఫైలు తెరిస్తే తెర నిండా పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. తెలుగు ముక్క ఒక్కటీ లేదు.

"మేడం పాతకాలం తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్‌లో కొట్టుండారు సార్. ఆ అక్షరాలు దాంట్లో తప్ప ఇంక యాడా కనపడవు. దాని సీడీ ఉండాదామ్మా?"

"ఇల్లు మారినప్పుడు పోయింది. అమ్మిన కంపెనీ కూడా ఎప్పుడో మూసేశారు."

"అట్లయితే ఫార్మాట్ కొడితే ఫైళ్ళు ఉంటాయి సార్. చదివేకి మాత్రం ఎవురికీ రాదు."

డానియల్ ఫోను జేబులో పెట్టాడు. "కన్వర్ట్ చేసే టూల్ రాయొచ్చు. ఇద్దరు మనుషుల్నిస్తే నెలలో అయిపోతుంది."

"రేపు, నాయనా," అంది సుగుణమ్మ.

తిరుపాలు ముందు డిస్కు మొత్తానికీ నకలు తీశాడు. రోగిష్టి నకలే అయినా, ఉంటే ధైర్యం. తర్వాత కంప్యూటర్‌ని అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచి చూసి తల పట్టుకున్నాడు. లోపల నాలుగు యాంటీవైరస్‌లు ఉన్నాయి.

"ఇవన్నీ ఎవురు పెట్టినారమ్మా?"

"ఒకటి మా అల్లుడు. ఒకటి బెళ్ళందూరులో ఉండే మా చెల్లెలి కొడుకు. మిగతావి క్రిస్మస్‌కి వచ్చిన పిల్లలు. అందరూ సాఫ్ట్‌వేరే. 'ఆంటీ, మీ సిస్టమ్ స్లో' అని తలా ఒకటి వేసి, కేకు తిని పోయారు."

అంటే ఒకే గేటుకి నలుగురు వాచ్‌మన్లు. ఒకణ్ణొకడు దొంగ అనుకుని కాలర్లు పట్టుకుంటుంటే ఇంటావిడకి లోపలికి దారి లేదు. తిరుపాలు నలుగురినీ బయటికి పంపాడు. అయినా అరగంట నడిచాక కంప్యూటర్ మళ్ళీ బిగుసుకుంది. వాళ్ళ కొట్లాటలో విండోస్ సొంత ఫైళ్ళే దెబ్బతిన్నాయి. ఇక మిగిలింది ఒక్కటే దారి: ఉన్న విండోస్ మీదే మళ్ళీ విండోస్ ఎక్కించడం. కంప్యూటర్ నడుస్తుండగానే ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టి, ఏమేమి ఉంచాలని అడిగిన చోట 'ఫైళ్ళూ ప్రోగ్రాములూ ఉంచు' అన్నదాన్ని మూడుసార్లు చదివి మరీ నొక్కాడు.

అరవై మూడు శాతం దగ్గర అంకె ఆగింది. పావుగంట. అరగంట. తిరుపాలుకి పంతులుగారి మొహం కళ్ళముందు ఆడింది. నిజంగానే భయపడ్డాడు.

"హ్యాంగయింది బాస్. ఒకసారి ఆపి ఆన్ చేద్దాం," అని డానియల్ బటన్ మీదికి చెయ్యి చాపాడు.

సుగుణమ్మ ఆ చేతి మీద ఫట్‌మని ఒక్కటేసింది. "కాన్పు గది బయట ఇలాంటి తొందర మొగుళ్ళని వందమందిని చూశాను. కూర్చో."

ఆర్కిటెక్టు కూర్చున్నాడు. ఇంకో పది నిమిషాలకి అంకె కదిలింది. మధ్యాహ్నం మూడింటికి కంప్యూటర్ తెరుచుకుని, గంటసేపు నడిపినా బిగుసుకోలేదు. టైపింగు సాఫ్ట్‌వేర్ ఎక్కడిది అక్కడే ఉంది. తిరుపాలు దేవుడికి దండం పెట్టుకుని చేతికొచ్చిన ఫైలొకటి తెరిచాడు. గుండ్రటి తెలుగు అక్షరాలు తెరమీద నిండాయి. అతని ప్రాణం లేచివచ్చింది.

అది ఆరేళ్ళ కిందటి ఫైలు. పేరు: డానియల్. చదువు, ఉద్యోగం, జీతం. అడుగున సుగుణమ్మ తన కోసం రాసుకున్న ముక్క: "అబ్బాయి బుద్ధిమంతుడు. ప్రార్థన తప్పడు. చెడినదాన్ని బాగుచేసుకునే ఓపిక మాత్రం లేదు, పారేసి కొత్తది కొందామంటాడు. మా అమ్మాయి జ్యోత్స్నకి ఓపిక ఎక్కువ కాబట్టి సర్దుకుంటుంది."

డానియల్ రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. అతను తిరుపాలు వైపు వంగి, "అన్నా, ఆ ఒక్క ఫైలూ తీసెయ్యవా," అన్నాడు మెల్లగా. పొద్దుటినుంచి బాస్ అన్నవాడు ఇప్పుడు అన్నా అంటున్నాడు.

సుగుణమ్మకి చెవులు బాగానే వినపడతాయి.

"తియ్యొద్దు నాయనా, దాన్ని ప్రింటు తీసివ్వు. రేపు నెల్లూరు వాళ్ళకి ముందు అదే చూపిస్తాను. సొంత అల్లుడి గురించే ఇంత నిజం రాసిన మనిషి, పరాయి పిల్లల గురించి అబద్ధం చెప్పదని నమ్ముతారు."