గడప ఉన్న డబ్బా

"పెద్దబాపు పోయిండు చిన్నమ్మా" అన్నాను ఫోన్‌లో.

"ఏడికి?" అంది చిన్నమ్మ.

"ఏడికో కాదు... పోయిండు."

"నేనడిగేది గూడ గదేనే. ఏడికి పోయిండు? డబ్బా కట్టుకొని పోయిండా, ఉత్తగనే పోయిండా? ఇటు దిక్కు వస్తే అక్కను గూడ తోలుకరమ్మను."

చిన్నమ్మ ఉండే జివతి గుట్టల మీద సిగ్నల్ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. పెద్దల విషయంలో నోట రాకూడని ఆ రెండో మాటను గట్టిగా, మళ్ళీ మళ్ళీ అరిచి చెప్పాల్సి వచ్చింది. చిన్నమ్మ కంటే ముందు మా వీధికి అర్థమైంది. చివరికి అటువైపు ఏదో గిన్నె కింద పడిన చప్పుడు వినబడింది.

తప్పు ఆమెది కాదు. కొన్నేళ్ళుగా మా ఇంట్లో "పెద్దబాపు పోయిండు" అంటే ట్రాక్టరు వెనక తన డబ్బా బండి తగిలించుకొని ఏ కోఠారి ఊరికో, ఏ గుట్టలకో పోయాడనే అర్థం. వారం తిరిగేలోపు ఎండకు మాడి, కొత్త గొప్పలు మూటగట్టుకొని తిరిగొచ్చేవాడు. ఈసారి మాత్రం పొద్దున్నే చాయ్‌లో చక్కెర తక్కువైందని పెద్దమ్మతో పోట్లాట మొదలుపెట్టి, దాన్ని సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. గుండె ఆగిందన్నారు డాక్టరు. పోట్లాటను సగంలో వదలడం ఆయన చరిత్రలో అదే మొదటిసారి.

ఇలాంటి రాతల్లో పోయినవారిని మితభాషి, నిరాడంబరుడు అనడం ఆనవాయితీ. నేను అలా రాస్తే ఆయనే లేచొచ్చి నా చెవి మెలిపెడతాడు. మా నాన్నకు అన్న, పద్మాపూర్ గని వర్క్‌షాపులో రిటైరైన ఫిట్టరు అయిన మా పెద్దబాపు, చంద్రపూర్ జిల్లాలో పుట్టిన గొప్పలరాయుళ్ళలో అగ్రగణ్యుడు. తాను పానా పట్టుకోకపోయి ఉంటే తవ్విన బొగ్గంతా దానంతటదే తిరిగి భూమిలోకి వెళ్ళిపోయేదని ఆయన ప్రగాఢ విశ్వాసం. తెలుగులో డబ్బా కొట్టడం అంటే గొప్పలు చెప్పుకోవడం కదా. జీవితమంతా ఆ పని నోటితో చేసి, రిటైరయ్యాక సుత్తె పట్టుకొని నిజంగానే చేసిన మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే.

ఆ డబ్బా కథ చెప్పాలంటే ముందు ఒక ఒట్టు గురించి చెప్పాలి.

చిన్నమ్మ అంటే పెద్దమ్మకు సొంత చెల్లెలు. జివతిలో కొత్త ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి అందరినీ పిలిచింది. భోజనాల దగ్గర ఎవరో, "మీ అక్కది ఎంత పెద్ద ఇల్లు?" అని అడిగారట. చిన్నమ్మ పప్పు వడ్డిస్తూ, "మా అక్కకు ఇల్లేడిది? కంపెనీ క్వార్టర్. రిటైరైననాడు తాళం చేతుల పెట్టి ఎల్లుడే" అని నవ్విందట. పెద్దమ్మ విస్తరి ముందు నుంచి లేచింది. "నీ గడప మళ్ల తొక్కితే ఒట్టు" అని, చెయ్యి కూడా కడుక్కోకుండా బస్సెక్కింది.

తర్వాత రిటైర్మెంటు డబ్బుతో ఊళ్ళో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఒట్టు మాత్రం చెక్కు చెదరలేదు. పుష్కరం దాటింది. పెళ్ళిళ్ళలో కలిస్తే అక్కాచెల్లెళ్ళు చెరో గోడ వైపు తిరిగి కూర్చునేవారు. మధ్యలో నేను పోస్టాఫీసు. "మీ చిన్నమ్మకు చెప్పు, కొంగు నేలకు రాస్తుందని." "మీ పెద్దమ్మకు చెప్పు, నా కొంగు నాకు తెలుసని." జివతి నుంచి ఎవరైనా కొత్త కందులు తెస్తే పెద్దమ్మ దోసిట్లో తీసుకొని వాసన చూసేది. ఎవరి చేనువని అడిగేది కాదు. చూసి, డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించేది.

ఇవన్నీ పెద్దబాపు చూసేవాడు. "మీ పెద్దమ్మ చచ్చేదాంక గిట్లనే ఉంటదా బిడ్డా?" అని ఒకసారి నన్నడిగాడు. ఆయన నోట గొప్పలు లేని వాక్యం రావడంతో నేను హడలిపోయాను.

అప్పుడు దొరికింది బండి. పద్మాపూర్ రోడ్డులోని భంగార్ దుకాణంలో, పాత ఇనుము గుట్ట వెనక, కోడిగుడ్డు ఆకారంలో ఇనుప రేకుల ట్రైలర్. ఎప్పుడో బొగ్గు వెతకడానికి వచ్చిన సర్వేవాళ్ళు అందులో మకాం ఉండేవారట. లోపల మడిచే మంచం, చిన్న గూడు, రెండు కిటికీలు. నేలకు బదులు చీకిన చెక్క. నివాసులు కోళ్ళు. పెద్దబాపు దాని చుట్టూ తిరిగి, తలుపు తీసి, వంగి కింద తడిమి, "దీనికి గడప పెట్టొచ్చు" అన్నాడు.

ఇంటికి లాక్కొచ్చాక పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "గీ తుప్పు డబ్బా ఏందయ్యా?"

"తుప్పు పట్టిందంటే ఇంక ఇనుము మిగిలిందన్నట్టే" అన్నాడు పెద్దబాపు. ఈ మాట ఆయన తన మోకాళ్ళ గురించీ అనేవాడు. "చెల్లె గడప తొక్కనన్నవ్ గదా? తొక్కకు. మన గడప మనం పట్టుకపోదాం. ఆమె వాకిట్ల మనింట్ల మనం కూసుందాం."

పెద్దమ్మ చాలాసేపు బండిని చూసింది. తర్వాత చీపురు తెచ్చి కోళ్ళ రెట్ట ఊడవడం మొదలుపెట్టింది. మా ఇంట్లో అంగీకారపత్రాలు ఇలాగే ఉంటాయి.

బీకాం పాసై, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో ఎదురుచూస్తున్న నన్ను పెద్దబాపు భాగస్వామిగా నియమించాడు. మొదట రేకులన్నీ ఊడదీయాలి, లోపల చీకిన కర్ర చట్రం తీసి టేకుతో కొత్తది కట్టాలి, మళ్ళీ రేకులు ఎక్కడివక్కడ బిగించాలి. ఏ రేకు ఎక్కడిదో తెలియడానికి గుర్తులు కావాలి. అంకెలు వేద్దామన్నాను.

"అంకెలేస్తే దొంగకు గూడ తెలుస్తది" అని పెద్దబాపు బ్రష్షు ముంచి, ప్రతి రేకు లోపలి వైపు ఒక తెలుగు అక్షరం రాశాడు. ఆయన ప్రాణహిత నది అవతలి తెలుగు ఊళ్ళో నాలుగో తరగతి దాకా చదివాడు. నేను పుట్టినప్పటి నుంచీ మరాఠీ బడి. తెలుగులో తిట్టగలను, అలగగలను, బేరమాడగలను; చదవడం మాత్రం రాదు. నా అక్షరాభ్యాసం పలక మీద జరగలేదు. చంద్రపూర్ ఎండలో, కాలుతున్న రేకు మీద, ఎర్రటి పెయింటుతో జరిగింది. "గీ బొర్ర ఉన్నది అ. తోక తిప్పితే ఆ. గిది ఋ, దీనితోని ఎవనికీ పనిలేదు, మూలకు బిగిద్దాం." ఈ నాలుగు ముక్కలు నేనివాళ తెలుగులో రాయగలుగుతున్నానంటే కారణం ఆ డబ్బా. మీకు నచ్చకపోతే బాధ్యత కూడా దానిదే.

ఒక్కచోట చదువు తప్పింది. మరాఠీలో ఏ ఒక్కటే. పొట్టిదని, పొడుగుదని రెండు లేవు. పైకప్పుకు బిగించాల్సిన రెండు రేకులు ఎ, ఏ అని పక్కపక్కన పెట్టి ఉన్నాయి. రెండూ ఇంచుమించు ఒకే కొలత. నాకు రెండూ ఒకటే అక్షరం, ఒకదానికి పెయింటు కాస్త ఒలికింది, అంతే. ఏ తీసుకెళ్ళి ఎ చోట పెట్టాను. రంధ్రాలు కలవకపోతే సుత్తెతో కలిపాను. గురువుగారు చూసి ఆపేవారే కానీ, ఆ సమయంలో ఆయన గేటు దగ్గర వీధిలోవాళ్ళను నిలబెట్టి, "గిది సముద్రంల పడేసినా లోపలికి చుక్క దూరదు" అని ఉపన్యాసమిస్తున్నాడు.

ఇరుసుకు గ్రీజు పెట్టాం, కొత్త టైర్లు వేశాం, నేల పరిచాం. ఆఖరున ఆయన మిగిలిన టేకు ముక్కను చిత్రిక పట్టి తలుపు కింద గడపగా బిగించాడు. పెద్దమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బండి ముందు ముగ్గేసింది. అప్పుడు ఆమె మొహం చూసి పెద్దబాపు నా చెవిలో, "ఫస్ట్ క్లాస్" అన్నాడు. రేకు గురించి అన్నాడో మనిషి గురించి అన్నాడో నేనడగలేదు.

దసరా వెళ్ళాక బయలుదేరాం. అడిగి తెచ్చుకున్న ట్రాక్టరు. నడిచే బండిలో మనుషులు కూర్చోవద్దని పెద్దబాపు శాసనం కాబట్టి, పెద్దమ్మ ఒక మడ్‌గార్డు మీద, నేను ఇంకో మడ్‌గార్డు మీద. పెద్దమ్మ పట్టుచీర కట్టి గొడుగు వేసుకుంది. ఘాట్ ఎక్కేముందు చాయ్ దుకాణం దగ్గర ఆపితే జనం మూగారు.

"హే కాయ్ ఆహే, కాకా?" అన్నాడు దుకాణం అతను. ఏమిటిది అని.

"హా మాఝ్యా బాయ్‌కోచా హట్ట్ ఆహే" అన్నాడు పెద్దబాపు. ఇది మా ఆవిడ పంతం అని.

"ఎవఢా మోఠా?" ఇంత పెద్దదా అని అతను నోరెళ్ళబెట్టాడు.

"చోటా ఝాలా రే" అంది పెద్దమ్మ గొడుగు కింద నుంచి. కాస్త తగ్గిందట.

చిన్నమ్మ వాకిట్లో, ఆమె గడపకు ఎదురుగా మా గడప నిలిపాం. పెద్దమ్మ బండిలోకి వెళ్ళి తలుపు బార్లా తీసి, చాప మీద మహారాణిలా కూర్చుంది. చిన్నమ్మ అరుగు మీద చేటలో పెసళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఏం బావా, మా ఇంట్ల గదులు మస్తున్నయ్. సర్కసోళ్ల లెక్క బండ్ల పండుడేంది?"

"చెప్పు బిడ్డా మీ చిన్నమ్మకు" అంది పెద్దమ్మ. "నాకు సొంతిల్లున్నది. నేను ఏడికి పోతే ఆడికొస్తది." పుష్కరం పాటు సానబెట్టిన జవాబు అది. చక్కగా దిగింది.

"చెప్పవే మీ పెద్దమ్మకు. ఇల్లంటే కదలొద్దని."

"చెప్పు. కదలనిది బండ అని."

పెద్దబాపు రెండు గడపల మధ్య నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. ఇన్నాళ్ళ పని, ఎండ, గ్రీజు, ఆ గొడుగు ప్రయాణం, అంతా ఈ పది అడుగుల వాకిలి దాటలేక ఆగిపోయింది. ఆయన ముఖంలో మొదటిసారి ముసలితనం కనిపించింది. "ఇంతదూరం తెచ్చిన, ఇంక నా పానాకు అందదు బిడ్డా" అన్నాడు.

అప్పుడు వాన పడింది. గుట్టల మీద వాన ముందస్తు నోటీసు ఇవ్వదు.

మొదటి చుక్క పెద్దమ్మ పాపిట్లో పడింది. కదల్లేదు. రెండోది ముక్కు మీద. కదల్లేదు. తర్వాత ధార.

"అరుగు మీదికి రావే, తడుస్తున్నవ్" అని అరిచాడు పెద్దబాపు. "అరుగు గడప కాదు!"

"అరుగు గడపకు చెల్లె. తొక్కినా తొక్కినట్టే" అని పెద్దమ్మ స్టీలు పళ్ళెం తీసి నెత్తిన బోర్లించుకుంది. దాని మీద వాన డోలు వాయించడం మొదలుపెట్టింది.

"ఏంది బావా, సముద్రంల పడేసినా చుక్క దూరదని ఫోన్ల ఊదరగొడ్తివి!" అని చిన్నమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఇటు చూసింది. పట్టుచీరలో, నెత్తిన పళ్ళెంతో, గడ్డం పైకెత్తి కూర్చున్న అక్కను చూసింది. నవ్వు ఆగింది. చేట పక్కన పెట్టి లోపలికి పోయి, పెద్ద తపేలా చంకలో పెట్టుకొని, గొంగడి కప్పుకొని వానలో పరుగెత్తుకొచ్చింది. వచ్చి, మా గడప ముందు ఆగిపోయింది. పసుపు కారి ఆమె కాళ్ళ మీదికి వస్తోంది.

పెద్దమ్మ నా వైపు చూసింది. ఏదో చెప్పమంటుందనుకున్నాను. తర్వాత చూపు తిప్పుకొని నేరుగా చెల్లెలితో అంది. "తడుస్తున్నవ్. లోపలికి రా."

"కుడికాలా, ఎడమకాలా?" అంది చిన్నమ్మ.

"ఏదో ఒకటి పెట్టి చావవే!"

రెండు కాళ్ళూ ఒకేసారి పెట్టింది. బండి ఊగింది. తపేలా ధార కింద పెట్టి, ఇద్దరూ దాని చెరోపక్క కూర్చున్నారు. తర్వాత ఏం మాట్లాడుకున్నారో వాన చప్పుడులో మాకు వినబడలేదు. ట్రాక్టరు చాటున తడుస్తున్న పెద్దబాపు కప్పు వైపు చూపించి, "గక్కడ ఏం పెట్టినవ్? పొట్టిదా, పొడుగుదా?" అన్నాడు.

"రెండుంటయా?" అన్నాను.

ఆయన నవ్వి నవ్వి దగ్గాడు. రేపు సరిచేస్తానంటే, "దాని జోలికి పోయినవో, పానాతోని కొడ్త. గట్లనే ఉండాలె" అన్నాడు. అప్పటి నుంచి ఊరూరా ఆ ప్రయాణం గురించి గొప్పలు చెప్పేవాడు. ఆ కారడం కూడా తన లెక్క ప్రకారమే జరిగిందనేవాడు.

పెద్దకర్మ నాడు బంధువులందరూ పెద్దమ్మ ఇక ఎవరి దగ్గర ఉండాలన్న విషయం మీద తీర్మానాలు చేస్తున్నారు. పెద్దమ్మ వినలేదు. లేచి వెళ్ళి వాకిట్లో ఉన్న డబ్బాలో కూర్చుంది. చిన్నమ్మ ఆమె వెనకే వెళ్ళి తలుపు వేసుకుంది.

కాసేపు ఏడుపు వినబడింది. తర్వాత, "మా ఇంటికి రా అక్కా" అన్నది వినబడింది. "ఒట్టున్నది గదనే." "ఒట్టును గూడ పట్టుకొనే రా, ఎవలు వద్దన్నరు?" తర్వాత చాయ్‌లో చక్కెర గురించి ఏదో గొడవ. తర్వాత మాటలు తగ్గి గుసగుసలయ్యాయి, ఎవరో ముక్కు చీదారు, ఇంకెవరో కిసుక్కుమన్నారు. వంటవాళ్ళు గరిటెలు ఆపారు. పంతులుగారు మంత్రం ఆపారు. లోపలి నవ్వుకు బండి స్ప్రింగుల మీద మెల్లగా ఊగడం మొదలుపెట్టింది, రాను రాను గట్టిగా. దాని కింద నీడలో పడుకున్న వీధికుక్క లేచి, ఒళ్ళు దులుపుకొని, కాస్త దూరంగా పోయి కూర్చొని, తల పక్కకు వంచి ఆ ఊగే డబ్బానే చూస్తూ ఉండిపోయింది.